ముల్లు ఎప్పుడు లేస్తోంది?

మన సంఘం విందుల్లో కారు మాట వచ్చిందంటే చాలు, ప్రతివారూ మెకానిక్కులే. "మా కారు కాగిపోతోందండీ" అని ఎవరైనా అన్నారనుకోండి, పులిహోర పళ్ళెం పట్టుకున్న మొదటి పెద్దమనిషి "నీళ్ళు పొయ్యండి" అంటారు. పక్కనున్నాయన "నీళ్ళు కాదు, థర్మోస్టాటు మార్పించండి, మాదీ అదే అయింది" అంటారు. మూడో ఆయన గోంగూర కలుపుకుంటూ "ఇంకా ఆ బండి దేనికండీ, అమ్మిపారేసి కొత్తది కొనుక్కోండి" అని తేల్చేస్తారు. ముగ్గురూ మంచివాళ్ళే, ముగ్గురు చెప్పిందీ ఎక్కడో ఒకచోట నిజమయ్యేదే. కాని ఆ ముగ్గురిలో ఒక్కరూ అడగని ప్రశ్న ఒకటుంది: ఎప్పుడు కాగుతోంది?

జ్వరం వచ్చిన పిల్లవాణ్ణి తీసుకెళితే పూర్వం మన ఊళ్ళ డాక్టర్లు ముందు మందు రాసేవారు కారు. పొద్దున్న వస్తోందా, సాయంత్రం వస్తోందా, చలితో వస్తోందా, రోజు విడిచి రోజు వస్తోందా అని అడిగి గాని చెయ్యి పట్టుకునేవారు కారు. ఇంజను వేడికీ అదే వైద్యం. మా ఇంట్లో 2017 జూన్‌లో నడిచిన వ్యవహారం చెబితే విషయం తేలిగ్గా బోధపడుతుంది.

మేం డెట్రాయిట్ శివార్లలో ఉంటాం. మా ఇద్దరిలో ఒకరిది ఆసుపత్రి లాబరేటరీలో ఉద్యోగం, వారానికి నాలుగు రాత్రులు. ఇంకొకరిది లెక్కల ఉద్యోగం. ఎవరిది ఏదో మమ్మల్ని ఎరిగినవారికి తెలుసు, మిగిలినవారికి దానితో పని లేదు. బానెట్టు ఎత్తింది ఇద్దరం కలిసే. (ఇక్కడివాళ్ళు హుడ్ అంటారు. మన నోటికి బానెట్టే హాయి.) రాత్రి డ్యూటీ కారు పదమూడేళ్ళది. ఐ-75 రోడ్డు మీద ఆసుపత్రికి 31 మైళ్ళు. రాత్రిపూట బస్సులు లేవు, రెండో కారు పిల్లల బళ్ళకీ పగటి ఉద్యోగానికీ చాలీచాలకుండా ఉంది.

ఒకనాటి సాయంత్రం ఆరింటికి, ఎండ ఇంకా దంచేస్తూండగా, 70 మైళ్ళ వేగంలో వేడి ముల్లు నెమ్మదిగా పైకి లేవడం మొదలుపెట్టింది. అటూ ఇటూ లారీలు. చక్రం పట్టుకున్న మనిషి చేసిన పని ఏమిటంటే, ఏసీ ఆపి, హీటరు పూర్తిగా తిప్పి, అద్దాలన్నీ దించడం. బయట 90 డిగ్రీలుండగా హీటరేమిటి అనకండి. హీటరంటే మరేం లేదు, డాష్‌బోర్డు వెనక దాక్కున్న చిన్న రేడియేటరు. ఇంజను వేడి కొంత అది లాగి మన మొహాన కొడుతుంది. మనం ఉడుకుతాం, ఇంజను బతుకుతుంది. ముల్లు దిగింది. ఒకవేళ హీటరు తిప్పినా చల్లగాలే వస్తే అది చెడ్డ గుర్తు. నీళ్ళు అక్కడికి చేరడంలేదన్నమాట, అంటే అయిపోయాయి, లేదా తిరగడం మానేశాయి. అప్పుడు పక్కకి తీసి ఇంజను ఆపడం తప్ప వేరే మార్గం లేదు.

మర్నాడు ఒక గరాజికి పట్టుకెళ్ళాం. పేరెందుకు లెండి. అతను బానెట్టెత్తి పది నిమిషాలు చూసి "హెడ్ గాస్కెట్టు పోయింది, 2,200 డాలర్లవుతుంది, బండి అంత చెయ్యదు" అన్నాడు. ఏ పరీక్షలో తేలిందని అడిగాం. "పాత బండి, కాగుతోంది, ఇంకేముంటుంది?" అన్నాడు. దొంగతనమని మేమనం. అతని గంటకి ధర ఉంది, పాత బండి మీద రెండు గంటలు పరీక్షలకి ఖర్చు పెట్టి, చివరికి అది చిన్న పనే అని తేలితే అతనికి గిట్టదు. మన యాస విని కాస్త తొందరగా తేల్చేసే అలవాటు కొందరికి ఉన్నమాటా నిజమే. ఏదైతేనేం, పరీక్ష లేకుండా జబ్బు పేరు చెబితే మాలో లాబరేటరీ మనిషికి ఒళ్ళు మండింది. "రక్తం తీయకుండా రిపోర్టు రాసినట్టుంది" అని బండి వెనక్కి తెచ్చేశాం.

దీనికి తోడు ఇంట్లో పెద్దావిడ ఉన్నారు. మాలో ఒకరికి అమ్మ, ఇంకొకరికి అత్తగారు. జూలై రెండోవారంలో ఆవిడ తిరుగు ప్రయాణం. ఈలోగా పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరుడి మొక్కు తీర్చుకోవాలి. ఆ గుడికి కుంభాభిషేకం జరిగింది 1976లో. అప్పుడు ఈ దేశంలో ఉన్న బంధువులు రాసిన ఉత్తరాలు చదివినప్పటినుంచీ ఆవిడ మనసులో ఉన్న కోరిక అది. ఇక్కణ్ణించి సుమారు 290 మైళ్ళు, చివర్లో పెన్సిల్వేనియా ఎత్తుపల్లాలు. రెండో కారులో అందరం పట్టం.

అసలు ఈ నీళ్ళ వ్యవహారం ఏమిటో ఆడవాళ్ళకి చెప్పడం సులువు, ప్రెషర్ కుక్కరు వాడనివాళ్ళు లేరు గనక. (ఇప్పుడు మగవాళ్ళూ వాడుతున్నారు, సంతోషం.) రేడియేటరు మూత కుక్కరు వెయిటులాంటిది. సాధారణంగా 15 పౌన్ల ఒత్తిడి వరకు పట్టి ఉంచుతుంది, మన కుక్కరుదీ దాదాపు అంతే. లోపల సగం నీళ్ళు, సగం ఇథిలీన్ గ్లైకాల్ ఉంటాయి. ఈ మిశ్రమం బయట గిన్నెలో అయితే సుమారు 223 డిగ్రీల ఫారెన్‌హీటుకి మరుగుతుంది, ఆ మూత బిగించాక సుమారు 265 వరకూ మరగదు. కుక్కరు రబ్బరు రింగు అరిగితే ఆవిరి పోయి పప్పు ఉడకనట్టే, మూత రబ్బరు అరిగితే ఇంజనులో ఏ లోపమూ లేకుండానే నీళ్ళు మరిగి బయటికి తన్నుతాయి. ఆ మూత ఖరీదు పదో పదిహేనో డాలర్లు.

"నీళ్ళు పొయ్యండి" సలహా మనవాళ్ళకి ఎందుకు అలవాటైందో కూడా చెప్పుకోవాలి. తిరుమల కొండెక్కే అంబాసిడర్లు మలుపుల్లో బానెట్లెత్తుకుని ఆవలిస్తూ నిలబడటం, డ్రైవరు తడిగోనె వేసి మూత తిప్పి బకెట్టుతో నీళ్ళు గుమ్మరించడం చూసి పెరిగినవాళ్ళం మనం. అక్కడ అది చెల్లింది. మిషిగన్‌లో ఉత్త నీళ్ళు పోసి వదిలేస్తే జనవరిలో గడ్డకడతాయి. నీరు మంచయితే నూటికి 9 పాళ్ళు పెరుగుతుంది, ఇనుమైనా అల్యూమినియమైనా పగలాల్సిందే. సగంసగం మిశ్రమం మైనస్ 34 డిగ్రీల ఫారెన్‌హీటు దాకా గడ్డకట్టదు. ఇక పోసే నీళ్ళు కుళాయివి కాకుండా బట్టీపట్టినవి అయితే లోపల సున్నం కట్టదు. ద్రవం ఆకుపచ్చదా, నారింజదా, గులాబీదా అని రంగు చూసి కొనకండి. ఒక్కో కంపెనీ ఒక్కో రంగు వేస్తుంది. కారుతో ఇచ్చిన పుస్తకంలో ఏది రాస్తే అది.

మళ్ళీ మా కారు దగ్గరికి వద్దాం. ఒక నోటుపుస్తకం పెట్టి నాలుగు రోజులు రాశాం. సాయంత్రం డ్యూటీకి వెళ్ళేటప్పుడు, ఎండలో, ఏసీ వేసి, హైవే మీద ఇరవై నిమిషాలయ్యాక ముల్లు లేస్తోంది. పొద్దున్న ఏడున్నరకి తిరిగొచ్చేటప్పుడు, అదే రోడ్డు, అదే వేగం, చల్లగా ఉంటుంది, ఏసీ వెయ్యరు, ముల్లు కదలదు. ఊళ్ళో దీపాల దగ్గర ఆగినా కదలదు. అంటే మూడు కలిస్తేనే జ్వరం: ఎండ, వేగం, ఏసీ.

ముల్లుని కూడా పూర్తిగా నమ్మకూడదని ఈ సందర్భంలోనే తెలుసుకున్నాం. ఈకాలపు కార్లు చాలావాటిలో ముల్లు కావాలని మధ్యలో నిలబెట్టి ఉంచుతారు. లోపల వేడి కొంత పెరిగినా తగ్గినా అది మధ్యలోనే ఉంటుంది, చేయి దాటే సమయానికి ఒక్కసారి లేస్తుంది. ఈ దేశంలో 1996 మోడలు నుంచి వచ్చిన ప్రతి కారుకీ స్టీరింగు కింద పరీక్ష చేసుకునే ప్లగ్గు ఒకటుంది. దానికి తగిలించే చిన్న యంత్రం ఇరవై డాలర్లకి దొరికింది, టెలిఫోనులో అసలు డిగ్రీలు చూపిస్తుంది. అయిదో రోజు సాయంత్రం ముల్లు లేచేసరికి అది 231 చూపించింది. ఊళ్ళో తిరిగినప్పుడు 200 దరిదాపులు.

ఇక ఒక్కొక్క అనుమానమే తీసేస్తూ వచ్చాం. ముందుగా ఇంజను చల్లగా ఉన్నప్పుడు, అంటే పొద్దున్నే, ద్రవం మట్టం చూశాం. అయిదు రోజులూ ఒకే గీత దగ్గర ఉంది. కారడం లేదు, తాగడం లేదు. ఇది పెద్ద సాక్ష్యం. ద్రవం తరుగుతూంటే మాత్రం ఎక్కడికి పోతోందో వెతకాలి: కింద నేల మీద చుక్కలా, నీళ్ళ పంపు కింది చిన్న రంధ్రంలోంచా, కారులోపల ముందు తివాసీ తడిసి అద్దానికి తియ్యటి వాసనతో జిగురు మంచు పడుతోందా. ఆ చివరిదైతే హీటరు కారుతోందన్నమాట.

తర్వాత నూనె కర్ర తీసి చూశాం. నూనె నూనెలాగే ఉంది, పాలు కలిపిన కాఫీలా లేదు. పొగగొట్టంలో తెల్లపొగ లేదు. అయినా గరాజీ మాట పూర్తిగా కొట్టిపారెయ్యకూడదని, విడిభాగాల దుకాణంలో ధరావతు కట్టి పరీక్ష గొట్టం ఒకటి అరువు తెచ్చాం. ఇదొక గాజు గొట్టం, పైన రబ్బరు బుడ్డి, లోపల నీలం ద్రవం. చల్లారిన రేడియేటరు మూత తీసి, మట్టం కొంచెం తగ్గించి, మూతి మీద దీన్ని నొక్కిపెట్టి, ఇంజను నడుస్తూండగా బుడ్డి పిసికితే అక్కడి గాలి నీలం ద్రవంలోంచి పోతుంది. గాస్కెట్టు పగిలి ఇంజనులో మండిన వాయువు నీళ్ళలోకి వస్తూంటే నీలం పసుపవుతుంది. మాలో ఒకరు గడియారం చూస్తూ, ఒకరు పిసుకుతూ పది నిమిషాలు నించున్నాం. అంతసేపూ 2,200 డాలర్లు ఆ గొట్టంలోనే ఉన్నట్టనిపించింది. నీలం నీలంగానే ఉంది.

థర్మోస్టాటు సంగతి ఇంకా సులువు. దానిలో మైనం బిళ్ళ ఉంటుంది. వేడికి మైనం కరిగి ఉబ్బి తలుపు తోస్తుంది, చాలా కార్లలో 195 డిగ్రీల ప్రాంతంలో. 1930లలో సెర్జియస్ వెర్నెట్ అనే ఆయన కనిపెట్టిన ఈ మైనం ఉపాయం ఇప్పటికీ అలాగే నడుస్తోంది. అది మూసుకుని బిగిసిపోతే బండి తీసిన పది పదిహేను నిమిషాల్లోనే, ఎండా వానా లేకుండా, కాగుతుంది. ఇంజను కాలిపోతూంటే రేడియేటరుకి వెళ్ళే పైగొట్టం చల్లగా ఉంటుంది. మాది ఆ లక్షణం కాదు. ఫానూ తిరుగుతోంది. ఏసీ వెయ్యగానే గిర్రుమంది. ఫాను పోతే బండి ఆగినప్పుడు కాగుతుంది, పరిగెత్తేటప్పుడు గాలి అదే కొడుతుంది గనక చల్లబడుతుంది. మాది సరిగ్గా దానికి తలకిందులు.

తర్వాత దూరంనుంచి వేడి చూపే తుపాకిలాంటి థర్మామీటరు (మా ఇంట్లో దోసె పెనం కోసం కొన్నది) తెచ్చి, ఏసీ వేసి ఇంజను కాస్త గట్టిగా నడిపిస్తూ రెండు గొట్టాలూ చూశాం. పైది 211, కిందిది 199. నీళ్ళు వేడిగా వెళ్ళి దాదాపు అంత వేడిగానూ తిరిగొస్తున్నాయి. రేడియేటరు లోపల పూడుకుపోతే నీళ్ళు మెల్లిగా కదిలి కింది గొట్టం బాగా చల్లగా ఉండేది. ఇక్కడ నీళ్ళు పారుతున్నాయి, వేడే దిగడంలేదు. అంటే లోపం నీళ్ళ వైపు కాదు, గాలి వైపు.

అప్పుడు కాగితం పరీక్ష. మన పత్రిక పాత సంచికలోంచి ఒక కాగితం (క్షమించాలి, ఆ నెల వంటల పేజీ) కారు ముందు జాలీకి ఆనించాం. ఫాను తిరుగుతూంటే గాలి లోపలికి పీల్చి కాగితం అతుక్కోవాలి. మాది జారి కింద పడింది. మళ్ళీ పెట్టాం, మళ్ళీ పడింది.

టార్చిలైటుతో చూస్తే ఏసీ కండెన్సరు ముందు అక్కడక్కడా పురుగులు తప్ప ఏమీ లేదు. కాని దాని వెనక, రేడియేటరుకీ దానికీ మధ్య వేలెడు సందులో, బూడిదరంగు దుప్పటి పరిచినట్టుంది. జూన్ నెలలో ఈ ప్రాంతంలో కాటన్‌వుడ్ చెట్లు దూది ఎగరేస్తాయి, మీరందరూ చూసే ఉంటారు, రోడ్డంతా మంచు పడినట్టుంటుంది. చూడ్డానికి ముచ్చటే. పదమూడు జూన్‌ల దూది పోగై, పురుగులూ దుమ్మూ కలిసి, తడిసి ఎండి, నమదాలాగ అయి కూర్చుంది. ఊళ్ళో తిరిగే కొద్దిపాటి వేడికి మిగిలిన గాలి చాలింది. హైవే వేగానికి ఇంజను పుట్టించే వేడి, దానికి ముందున్న కండెన్సరు వదిలే ఏసీ వేడి, పైన ఎండ కలిసేసరికి చాలలేదు.

శనివారం పొద్దున్న ఇంజను చల్లగా ఉండగా బ్యాటరీ తీగ తీసేసి, రేడియేటరు పైన పట్టి ఉంచే రెండు బిగింపులు విప్పి, దాన్ని వెనక్కి కొద్దిగా వాల్చాం. చేతికి అందినంత దూది వేళ్ళతో లాగాం. మిగిలినదానికి తోట గొట్టంతో ఇంజను వైపునుంచి ముందుకి నెమ్మదిగా నీళ్ళు కొట్టాం. వచ్చిన దారినే పొమ్మన్నమాట. గట్టిగా కొట్టే యంత్రాలు వాడకండి, ఆ రేకులు కాగితంలాగ వంగిపోతాయి. పెద్దావిడ గుమ్మంలో కుర్చీ వేయించుకుని చూస్తూ, "బూరుగు దూదిలా ఉందే, చిన్న దిండుకి సరిపోతుందర్రా" అన్నారు. మూడు గంటలు పట్టింది. ఈసారి కాగితం పెడితే టప్పున అతుక్కుంది.

ఆ మధ్యాహ్నమే, 92 డిగ్రీల ఎండలో, ఏసీ పూర్తిగా వేసి టొలీడో దాకా వెళ్ళి వచ్చాం. యంత్రం 204 దాటలేదు. సోమవారం నుంచి డ్యూటీ మామూలే. ఆ తర్వాతి శుక్రవారం ఆ కారులోనే పిట్స్‌బర్గ్ వెళ్ళాం. మొక్కు తీరింది, తిరుగు దారిలో ఆవిడ పులిహోర పొట్లాం ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయారు.

ఇది చదివి కాగిన ప్రతి కారులోనూ దూదే ఉంటుందనుకుంటే ప్రమాదం. మరుసటేడు మాకు బాగా దగ్గరవాళ్ళ అమ్మాయి కారుకీ ఇదే మాట వచ్చింది. వారానికి దాదాపు ఒక క్వార్టు ద్రవం తరుగుతోంది, నేల మీద చుక్క లేదు. పొద్దున్నే తీస్తే తెల్లపొగ, తియ్యటి వాసన. పరీక్ష గొట్టం పెడితే రెండు నిమిషాలు కాకుండానే నీలం పసుపైంది. అది అచ్చమైన హెడ్ గాస్కెట్టు. పైగా హెడ్డు కూడా వంగిందని తర్వాత తేలింది. ఎందుకంటే ముల్లు ఎర్రగీతలో ఉండగా ఆ అమ్మాయి ఆన్ ఆర్బర్‌నుంచి వస్తూ చివరి ఎనిమిది మైళ్ళూ ఆపకుండా ఇంటికి నడిపించింది. అల్యూమినియం హెడ్డు ఆ వేడికి నిలవదు. ఎందుకు ఆపలేదమ్మా అంటే, బండి లాగించే ఖర్చుకి నాన్న కేకలేస్తారని భయపడిందిట. ఆయన మొహం మాకింకా గుర్తుంది. పిల్లల చేతికి తాళాలిచ్చేటప్పుడు నెమ్మదిగా నడపమని అందరం చెబుతాం. ముల్లు ఎర్రగీత తాకితే ఎక్కడున్నా పక్కకి తీసి ఇంజను ఆపెయ్యి, లాగించే డబ్బు మాది, ఎవ్వరూ ఒక్క మాటా అనరు అని కూడా ఆ నోటితోనే చెప్పాలి. మా పిల్లలకి చెప్పాం, రెండుసార్లు.

ఇంట్లో చూసుకునేవారికి కొన్ని జాగ్రత్తలు. వేడి ఇంజను మూత ఏ గోనె వేసీ తియ్యకండి. ఒత్తిడి పోగానే లోపలి ద్రవం ఒక్కసారి మరిగి, ఆవిరితో కలిసి మొహాన కొడుతుంది. పైగొట్టం చేత్తో పట్టుకోగలిగినంత చల్లారి, నొక్కితే మెత్తగా ఉండాలి. ఎలెక్ట్రిక్ ఫాను ఇంజను ఆపాక కూడా తనంతట తాను తిరగొచ్చు, వేళ్ళు జాగ్రత్త. ఇంజను నడిపే పరీక్ష ఏదైనా బయటే, గరాజి తలుపు మూసి కాదు. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. కొద్దిగా నాకినా కుక్కలూ పిల్లులూ చచ్చిపోతాయి, చిన్నపిల్లలకీ ప్రాణాపాయమే. కింద పడిన చుక్క వెంటనే కడిగెయ్యండి, తీసిన పాత ద్రవం మూతున్న డబ్బాలో పోసి పేరు రాసి, ఊరివారు ఇలాంటివి పుచ్చుకునే చోట ఇచ్చి రండి. వానకాలవలో పోస్తే వెళ్ళి వాగులో కలుస్తుంది.

అరువు తేవడం విసుగెత్తి పరీక్ష గొట్టం మేమే ఒకటి కొన్నాం. ఎవరికి కావాలన్నా తీసుకెళ్ళొచ్చు, శని ఆదివారాల్లో ఇంట్లోనే ఉంటాం. నీలం ద్రవం మాత్రం ఎవరిది వారే తెచ్చుకోవాలి, మా సీసా అయిపోయింది.